ఫోన్ పడింది, తడిసింది, పాడైంది: వారంటీ కౌంటర్‌లో ఉన్నదున్నట్టు ఎలా చెప్పాలి

"రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నానండీ, పొద్దున లేచి చూస్తే డెడ్."

రాజమండ్రిలో ఒక ఫోన్ సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో నాలుగేళ్లు కూర్చున్నాను, ఈ ఒక్క మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నిజంగానే అలా పోయిన ఫోన్లూ ఉన్నాయి. కానీ చాలాసార్లు ఏమయ్యేదంటే, మా ఇంజినీర్ సిమ్ ట్రే లాగి, లోపలికి టార్చి వేసి చూసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా వైపు తిప్పేవాడు. తెల్లగా ఉండాల్సిన చిన్న స్ట్రిప్ కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉండేది. అది నీళ్లు తగిలితే రంగు మారే స్ట్రిప్. కొన్ని ఫోన్లకు సిమ్ స్లాట్‌లోనే కనబడుతుంది, కొన్నింటికి విప్పితే బోర్డు దగ్గర ఉంటుంది. ఆ క్షణంలో కౌంటర్‌కు అవతల నిలబడిన మనిషి ముఖంలోకి చూడలేకపోయేవాణ్ని.

మోసం చేద్దామని వచ్చేవాళ్లు తక్కువ, భయపడి వచ్చేవాళ్లే ఎక్కువ. ఇరవై వేలు పెట్టి కొన్న ఫోన్, ఈఎంఐలు ఇంకా తీరనే లేదు, "పడిందని చెప్తే వారంటీ ఇవ్వర్రా" అని ఎవరో ఫ్రెండ్ అన్నాడు, అంతే, నోటికి ఆ అబద్ధం వచ్చేస్తుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అబద్ధం వల్ల ఫోన్ బాగుపడ్డ సందర్భాలు నేను చూసినవి బహు తక్కువ, బాగుపడాల్సిన ఫోన్ పాడైపోయినవి మాత్రం చూశాను. అందుకే ఇంటి దగ్గర బయల్దేరే ముందు నుంచి ఫోన్ మళ్లీ చేతికొచ్చేదాకా ఏం చేయాలో, ఏ మాట ఎలా అనాలో రాస్తున్నాను.

1. ముందు ఇంట్లో చెప్పండి

ఫోన్ గురించి అడిగితే ఇంటి సంగతులు చెప్తున్నాడేంటి అనుకోకండి. కౌంటర్‌లో నేను విన్న అబద్ధాల్లో చాలావాటికి కంపెనీతో సంబంధమే లేదు, అవి పక్కన నిలబడిన మనిషి కోసం చెప్పినవి. భర్త పక్కన ఉంటే భార్య నోరు విప్పదు, తండ్రి ఉంటే కొడుకు నేల చూపులు చూస్తాడు.

ఒకసారి ఇంటర్ చదివే అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. డిస్‌ప్లే మీద ఒక మూల నల్లటి మచ్చ, ఇంకు ఒలికినట్టు, రోజురోజుకీ పెరుగుతోంది. "మా అమ్మాయి చాలా జాగ్రత్తండీ, ఒక్కసారి కూడా పడేయలేదు" అని ఆయన ఎంతో గర్వంగా చెప్తున్నాడు. ఆ పిల్ల మాత్రం టెంపర్డ్ గ్లాస్ అంచును బొటనవేలితో రుద్దుతూనే ఉంది. పౌచ్ తీసి ఫోన్‌ను టేబుల్ మీద పెడితే వాల్యూమ్ బటన్ దగ్గర ఫ్రేమ్ కొంచెం లోపలికి నొక్కుకుపోయి ఉంది. "ఎప్పుడైనా పడిందామ్మా?" అని అడిగాను. "లేదండీ" అంది. అదే జాబ్ షీట్ మీద, అంటే రిపేరుకు ఫోన్ తీసుకునేటప్పుడు మేం నింపి కస్టమర్‌తో సంతకం పెట్టించుకునే కాగితం మీద, రాశాను. రెండో రోజు వారంటీ రాదని కంపెనీ నుంచి వచ్చింది. ఆయన కౌంటర్ దగ్గర అరగంట సేపు గొడవ పడ్డాడు, తన కూతురు మాట నిజమని, మేమే ఫోన్ పాడు చేశామని. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చి, "అన్నయ్యా, బస్సు దిగుతుంటే చేతిలోంచి జారింది, నాన్నకు చెప్పొద్దు" అని ఏడ్చింది. ఆయన ఆ అరగంట పోట్లాడింది డబ్బు కోసం కాదని నాకు అప్పుడే తెలుసు.

కాబట్టి సర్వీస్ సెంటర్‌కు బయల్దేరే ముందు ఇంట్లో ఆ ఫోన్ ఎవరెవరు ముట్టుకున్నారో వాళ్లందరినీ అడగండి. అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "ఎవర్రా పడేసింది?" అంటే ఎవరూ పడేయలేదనే అంటారు. "ఎప్పుడు పడింది, ఎక్కడ పడింది, తర్వాత ఎలా పనిచేసింది, చెప్తే బాగుచేయడం తేలిక" అని అడగండి. తిట్టడం ఏదైనా ఉంటే ఫోన్ బాగయ్యాక చూసుకోవచ్చు. పడేసింది మీరే అయితే ఇంట్లోనే, కౌంటర్ దాకా వెళ్లకముందే చెప్పేయండి. నలుగురి ముందు బయటపడటం కంటే అది చాలా నయం.

2. తడిసిన ఫోన్ అయితే మొదటి గంట

వెంటనే ఆఫ్ చేయండి. పని చేస్తోందా లేదా అని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ఛార్జర్ అసలు పెట్టకండి, బోర్డు షార్ట్ అయ్యేది ఎక్కువగా అప్పుడే. సిమ్ ట్రే తీసేసి, ఛార్జింగ్ పెట్టే వైపు కిందకు ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి, తర్వాత గాలి తగిలే చోట పెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. బియ్యం డబ్బా కూడా వద్దు: యాపిల్ తన సపోర్ట్ పేజీలోనే, ఫోన్‌ను బియ్యం సంచిలో పెట్టొద్దని, ఆ నలుసులు లోపలికి పోయి ఫోన్ పాడవచ్చని రాసింది, 2024లో దాని గురించి వార్తలు కూడా వచ్చాయి. సముద్రపు నీళ్లు, మజ్జిగ, పప్పుచారు లాంటి ఉప్పు తగిలినవైతే ఆరేదాకా ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి. ఉప్పునీళ్లకు లోపలి కనెక్టర్లు మంచినీళ్ల కంటే చాలా తొందరగా చిలుం పడతాయి. వైజాగ్ బీచ్‌లో తడిసిన ఫోన్, బాత్రూం బకెట్‌లో తడిసిన ఫోన్ ఒకటి కావు.

3. మీ చేతిలో ఉన్నది ఏ కాగితమో చూసుకోండి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. వారంటీ అంటే కంపెనీ తయారీలో లోపం ఉంటే వాళ్లు బాధ్యత తీసుకోవడం, మామూలుగా ఏడాది. పడటం, తడవటం దాని కిందకు రావు. "నాది ఐపీ68 ఫోనండీ, నీళ్లలో పడినా ఏమీ కాదన్నారు" అని చాలామంది అంటారు. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట, ల్యాబ్‌లో, కొత్త ఫోన్ మీద చేసే పరీక్ష, 68 అంటే అంతకంటే ఎక్కువ, ఎంత అనేది కంపెనీ చెప్పుకుంటుంది. లోపలి సీలు వాడేకొద్దీ బలహీనపడుతుంది, ఒకసారి కిందపడితే ఇంకా. అందుకే ఆ నంబరు ఉన్న ఫోన్లకు కూడా యాపిల్ తన మామూలు వారంటీలో నీటి డ్యామేజీని కలపలేదు, మిగతా పెద్ద కంపెనీల వారంటీ కాగితాల్లో కూడా దాదాపు ఇదే మాట ఉంటుంది.

ఫోన్ కొన్నప్పుడు షాపులో రెండు మూడు వేలు అదనంగా కట్టి తీసుకున్న ప్రొటెక్షన్ ప్లాన్ వేరు. అది ఉన్నదే ప్రమాదాల కోసం. ఇక్కడ జరిగే నష్టం చూస్తే నాకు ఎప్పుడూ బాధగా ఉండేది. ప్లాన్ ఉన్నవాళ్లు కూడా అలవాటుకొద్దీ "దానంతట అదే పోయింది" అంటారు. అలా అంటే మేం దాన్ని వారంటీ కేసుగా రాస్తాం, కంపెనీ విప్పి చూసి కాదంటుంది, అప్పుడు వీళ్లు "అయితే నా దగ్గర ప్లాన్ ఉంది, నిజానికి పడింది" అంటారు. ఇప్పుడు రికార్డులో రెండు కథలు. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆ రెండూ కలవడం లేదనే. పడిందని మొదటే ఒక్క మాట చెప్పి ఉంటే సర్వీస్ ఛార్జీ ఏదో కట్టి తేలిపోయే పని.

ప్లాన్ కాగితంలో రెండు విషయాలు వెతకండి: ప్రమాదం జరిగాక ఎన్ని రోజుల్లో చెప్పాలి, మీరు కట్టాల్సిన వాటా ఎంత. గడువు దాటిపోతే తేదీ మార్చి చెప్పొద్దు, ఎందుకు ఆలస్యమైందో చెప్పి అడగండి. ఊళ్లో లేను, ఆసుపత్రిలో ఉన్నాను, అలాంటిది ఏదైనా ఉంటే దానికి కాగితం చూపించండి.

ఇంకొకటి. డ్యామేజీకి ప్లాన్ లేదు, దొంగతనానికి ఉంది అని, పగిలిన ఫోన్‌ను దాచేసి పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇమ్మని సలహా చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట వినకండి. ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు, బ్లాక్ అయిన ఫోన్‌లో తర్వాత ఎవరు సిమ్ వేసినా, పోయిన ఫోన్లను కనిపెట్టే ప్రభుత్వ వ్యవస్థ సీఈఐఆర్‌కు తెలుస్తుంది. జనం నోట 420గా నానిన మోసం సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది, నంబరు మారిందే కానీ నేరం అలాగే ఉంది.

4. జరిగింది రాసుకోండి

ఫోన్ పడిన రోజే, లేకపోతే గుర్తున్నప్పుడే. నాలుగు లైన్లు చాలు: ఏ రోజు, ఎంత ఎత్తు నుంచి లేదా ఎందులో పడింది, ఎంతసేపు ఉంది, ఆ తర్వాత ఏం పనిచేసింది, ఏది ఎప్పుడు ఆగింది. ఇందులో మీరు కళ్లారా చూసింది ఒకటి, మీరు అనుకుంటున్నది ఇంకొకటి. రెండూ కలపకండి. "ఛార్జింగ్ ఎక్కడం లేదు" అనేది చూసింది, "నీళ్ల వల్ల బోర్డు పోయినట్టుంది" అనేది ఊహ. నిజాయితీ అంటే చూసింది చెప్పడం వరకే, జరగని తప్పు నెత్తిన వేసుకోవడం కాదు. రోగం ఏమిటో తేల్చేది ఇంజినీర్.

ఫోన్ నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. బిల్లు వెతకండి, ఐఎంఈఐ నంబరు బాక్స్ మీద ఉంటుంది, ఫోన్ పనిచేస్తుంటే *#06# కొట్టినా వస్తుంది. డేటా బ్యాకప్ తీసుకోండి, రిప్లేస్‌మెంట్ ఇస్తే పాత ఫోన్‌లోని ఫొటోలు తిరిగి రావు.

బయటి షాపులో ముందే విప్పించకండి, ఒకవేళ విప్పించి ఉంటే ఆ సంగతి కూడా రాసుకోండి. స్క్రూ మీది స్టిక్కరు, లోపలి జిగురు చూస్తే ఇంజినీర్‌కు పది సెకన్లలో తెలిసిపోతుంది.

5. కౌంటర్‌లో ఏం అనాలి

మీ టోకెన్ నంబరు పిలిచారు, కూర్చున్నారు. అవతలివాళ్లు "ఏం ప్రాబ్లమ్ సార్?" అంటారు. అప్పుడు ముందు జరిగింది, తర్వాత ఇబ్బంది, తర్వాత మీకేం కావాలో, ఈ వరుసలో చెప్పండి.

తడిసిన ఫోన్ అయితే: "మొన్న ఆదివారం బకెట్‌లో పడిందండీ, అర నిమిషంలో తీసేశాం. వెంటనే ఆఫ్ చేశాను, ఛార్జింగ్ పెట్టలేదు. వారంటీ రాదేమో, ముందు విప్పి చూసి ఎంతవుతుందో చెప్పండి, చెప్పాకే చేయండి."

పాత దెబ్బ వేరు, ఇప్పటి సమస్య వేరు అయితే: "ఈ మూల పగిలింది మార్చిలో, మెట్ల మీద పడినప్పుడు. తర్వాత నాలుగు నెలలు బాగానే పనిచేసింది. పోయిన వారం అప్‌డేట్ చేశాక స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత వచ్చింది. ఆ గీత వారంటీ కింద చూడమని అడుగుతున్నాను, మూల గురించి కాదు."

ఈ రెండోది బాగా గుర్తుపెట్టుకోండి. పగుళ్లు కనబడగానే "ఫిజికల్ డ్యామేజీ, అవుట్ ఆఫ్ వారంటీ" అని తేల్చేయడం తేలిక, కొంతమంది తేల్చేస్తారు కూడా. కానీ మూల పగిలినంత మాత్రాన మైకు లోపానికో, బ్యాటరీ ఉబ్బడానికో అదే కారణం అయిపోదు. దెబ్బ సంగతి మీరే ముందు చెప్పి, తేదీతో సహా విడదీసి చెప్తే ఆ మాటకు బరువుంటుంది. మా దగ్గరకు వచ్చిన ఒక ఆటో డ్రైవర్, వెనక గ్లాసు మొత్తం సాలెగూడులా పగిలిన ఫోన్ తెచ్చి, ఎప్పుడు ఎలా పగిలిందో తనే చెప్పి, "ఇది నా తప్పే, నేనే మార్పించుకుంటా, మైకు ఒక్కటి చూడండి" అన్నాడు. ఇంజినీర్ విప్పి చూస్తే మైకు ఉన్న వైపు దెబ్బ ఆనవాలే లేదు. ఫొటోలు పంపాం, మైకు వారంటీలో వచ్చింది. ప్రతిసారీ అలా వస్తుందని చెప్పను. ఆయన దాచి ఉంటే మాత్రం మేం ఆ ఫొటోలు అంత పట్టుదలగా పంపేవాళ్లం కాదు.

మీకు నిజంగానే తెలియకపోతే తెలియదనే చెప్పండి: "నా చేతిలో పడలేదండీ. పిల్లలు కూడా వాడతారు, అడిగాను, పడలేదంటున్నారు. అంతవరకే నాకు తెలుసు." ఇది "అస్సలు పడలేదు" అనే మాట కంటే గట్టి మాట, ఎందుకంటే లోపల ఏం కనబడినా అది అబద్ధం కాదు.

చెప్పడం వల్ల ఫోన్‌కే మేలు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఒకావిడ, టైలరింగ్ చేసుకునే ఆమె, పొద్దున్నే షట్టర్ ఎత్తగానే వచ్చి, "బాబూ, మా చిన్నోడు మజ్జిగ గిన్నెలో వేశాడు, ఉప్పేసిన మజ్జిగ" అంది. ఇంజినీర్ పవర్ బటన్ కూడా నొక్కలేదు. నేరుగా విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, బోర్డును ద్రావకంతో కడిగి, చిన్న బ్రష్షుతో కనెక్టర్ల చుట్టూ ఉన్న తెల్లటి పొడిని దులిపాడు. ఛార్జింగ్ పోర్టు మార్చాల్సి వచ్చింది, ఆ డబ్బు ఆవిడే కట్టింది, ఫోన్ బతికింది. అదే వారంలో ఇంకొకాయన ఏమీ కాలేదన్నాడు. ఏమీ కాని ఫోన్‌కు ముందు చేసేది ఛార్జింగ్ పెట్టి చూడటమే కదా, మేం అదే చేశాం. పెట్టిన నిమిషంలో వెనక వేడెక్కింది, బోర్డు పోయింది. ఆయన బాత్రూంలో పడిందని ఒక్క మాట అని ఉంటే మేం ఆ ఛార్జర్ పెట్టేవాళ్లమే కాదు.

6. జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టొద్దు

అందులో కస్టమర్ చెప్పిన సమస్య అని ఒక గడి, ఫోన్ పరిస్థితి అని ఇంకొక గడి ఉంటాయి. మీరు చెప్పింది చెప్పినట్టు రాశారా చూడండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమని అడగండి, మొహమాటపడొద్దు. కొందరు స్టాఫ్ మంచి మనసుతోనే "పడిందని రాస్తే రిజెక్ట్ అవుతుంది సార్, ఊరికే ఆగిపోయిందని రాస్తాను" అంటారు. వద్దనండి. సంతకం మీది, రేపు అడిగేది మిమ్మల్ని. "నేను చెప్పిందే రాయండి బాబూ" అంటే చాలు.

మీరు ఇచ్చేటప్పుడు ఉన్న గీతలు, పగుళ్లు కూడా అందులో రాయించండి. లేనివి తర్వాత మీ నెత్తిన పడకుండా ఉండటానికి కూడా అదే ఆధారం.

7. ఇప్పటికే అబద్ధం చెప్పేసి వచ్చేస్తే

ఫోన్ ఇంకా విప్పకముందే కాల్ చేయండి, లేదా మళ్లీ వెళ్లండి. జాబ్ నంబరు చెప్పి, ఇంతే అనండి: "నిన్న ఇచ్చినప్పుడు పడలేదన్నాను, అది తప్పు. శుక్రవారం సింకులో పడింది. దయచేసి జాబ్ షీట్‌లో మార్చండి, విప్పే ముందు ఇంజినీర్‌కు చెప్పండి." ఎందుకు అబద్ధం చెప్పారో వివరించక్కర్లేదు, ఎవరూ అడగరు. అలా మళ్లీ ఫోన్ చేసినవాళ్లు నాకు నలుగురైదుగురు గుర్తున్నారు, వాళ్లలో ఒక్కరి మీద కూడా మాలో ఎవరూ విసుక్కోలేదు. ఫోన్ విప్పేశాక తెలిసినా సరే చెప్పండి, కనీసం ఖర్చు గురించి మాట్లాడుకోవడం మొదలవుతుంది, లేకపోతే "పడింది", "పడలేదు" దగ్గరే రోజులు గడుస్తాయి. పైగా తప్పుడు వివరాలతో వారంటీలో వేసిన పార్టును కంపెనీ తర్వాత ఒప్పుకోకపోతే ఆ డబ్బు సర్వీస్ సెంటర్ నెత్తిన పడుతుంది, అక్కడ జీతానికి పనిచేసే కుర్రాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ కుర్రాడి స్థానంలో నేను ఉన్నాను.

8. కుదరదంటే

ఊరికే "రాదు సార్" అంటే ఒప్పుకోకండి. ఏ కారణంతో రాదో కాగితం మీదో మెయిల్‌లోనో ఇమ్మనండి, లోపలి ఫొటోలు అడగండి. స్ట్రిప్ ఎర్రబడింది అన్నంత మాత్రాన మీ సమస్యకు అదే కారణమని కాదు, చిలుం ఎక్కడ పట్టింది, అది పాడైన పార్టు దగ్గరేనా అని అడగండి. తర్వాత ఎస్టిమేట్ పార్టులవారీగా అడగండి. మొత్తం బోర్డు మార్చాలంటే ఫోన్ ధరలో సగం పైన అవుతుంది, చాలాసార్లు క్లీనింగ్, ఒక చిన్న పార్టుతో సరిపోతుంది. డిస్కౌంట్ ఏదైనా ఇవ్వగలరా అని కంపెనీ కస్టమర్ కేర్‌ను మర్యాదగా అడగండి, నిజం చెప్పి అడిగినప్పుడు కొన్నిసార్లు లేబర్ ఛార్జీ వదిలేయడం నేను చూశాను.

అన్యాయం జరిగిందని మీకు గట్టిగా అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది, సమస్య వచ్చిన రెండేళ్లలోపు వెళ్లాలి, ఫోన్‌లాంటి 5 లక్షల లోపు వస్తువులకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కానీ అక్కడ అఫిడవిట్ ఇవ్వాలి, జరిగింది ప్రమాణపూర్వకంగా చెప్పాలి. మొదటి రోజు జాబ్ షీట్‌లో మీరు రాయించిన మాట, కమిషన్‌లో మీరు చెప్పే మాట ఒకటే అయితే టెన్షన్ పడాల్సింది కంపెనీ వాళ్లు.

9. ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు

కౌంటర్ దగ్గరే సిమ్ వేసి ఒక కాల్ చేయండి, స్పీకరు, మైకు, రెండు కెమెరాలు, ఛార్జింగ్, ఫింగర్‌ప్రింట్ చూసుకోండి. రిప్లేస్‌మెంట్ ఇచ్చి ఉంటే కొత్త ఐఎంఈఐ కాగితం మీద ఉన్న నంబరుతో కలుస్తుందో లేదో చూడండి, దానికి వారంటీ ఎప్పటిదాకా ఉందో రాసివ్వమనండి, చాలాసార్లు పాత ఫోన్‌కు మిగిలిన రోజులే ఉంటాయి. డబ్బు కట్టి చేయించుకుంటే మార్చిన పార్టుకు ఎన్ని నెలల గ్యారంటీ ఉందో బిల్లు మీద ఉండాలి. నీళ్లలో పడి బాగైన ఫోన్‌ను ఇక వాటర్‌ప్రూఫ్ అనుకోవద్దు, ఆ సీలు ఒకసారి విప్పినదే. జాబ్ షీట్, బిల్లు రెండూ ఫోన్ బాక్స్‌లోనే పెట్టండి. ఆ ఫోన్‌ను రేపు మీ తమ్ముడికో, ఇంకెవరికో అమ్మితే వాటితో పాటే ఇవ్వండి.